వడగాడ్పుల కాలంలో ఓరుగల్లు నగరంలో ఇల్లు, ఒళ్లు కాపాడుకోవడం: దశలవారీ సమగ్ర మార్గదర్శి

ఎండలు ముదిరితే చాలు, అడిగేవాళ్లంతా ఒకే ప్రశ్న అడుగుతారు: ఏం తాగితే వడదెబ్బ తగలదు? దానికి జవాబు ఇక్కడ ఏడో మెట్టులో ఉంది. అంత వెనక్కి నెట్టడానికి కారణం ఉంది. నగరంలో మనిషిని పడగొట్టేది మధ్యాహ్నపు ఎండ ఒక్కటే కాదు. పగలంతా కాగిన స్లాబు కింద నిద్ర పట్టక దొర్లిన రెండు మూడు రాత్రులు ఒంటిని ముందే సగం కుంగదీస్తాయి. ఆ మర్నాటి ఎండ మిగతా సగం పని పూర్తి చేస్తుంది. అందుకే ఈ వరుస పైకప్పుతో మొదలై గోడలు, కూలర్, రోజు వేళల మీదుగా గ్లాసు దాకా వస్తుంది.

మొదటి మూడు మెట్లు శివరాత్రికీ ఉగాదికీ మధ్య చేయవలసిన పనులు. ఇప్పటికే ఎండలు మండుతున్నాయనుకుంటే ముందు 4, 5, 6 చదివి అమలుచేసి, తర్వాత మొదటికి రండి.

1. ఇంటికి జ్వరం చూడండి

రాత్రి పదకొండు గంటలకు, పక్క మీదికి చేరేముందు, పడుకునే గది పడమటి గోడకు అరచేయి ఆనించి ఇరవై లెక్కపెట్టండి. తర్వాత తూర్పు గోడకు ఆనించండి. ఆపైన ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి, స్లాబును తాకండి. మూడింటిలో ఏది వెచ్చగా తగులుతుందో అదే మీ ఇంటి పొయ్యి.

గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి కొని మూడు రోజులపాటు ఉదయం 6కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 11కు గదిలో వేడి ఎంతుందో పాత క్యాలెండరు మీద రాయండి. రాత్రి 11కు బయట వరండాలో కూడా ఒకసారి చూడండి.

- రాత్రి 11కు బయట చల్లగా, గదిలో వేడిగా ఉంటే: గాలి ఆడడం లేదు. మూడో మెట్టు మీకు ముఖ్యం.
- కిటికీలన్నీ తెరిచినా గది వేడి మధ్యాహ్నం కంటే పెద్దగా తగ్గకపోతే: స్లాబో, పడమటి గోడో వేడిని వదులుతోంది. రెండో మెట్టు ముఖ్యం.
- మధ్యాహ్నం భరించలేనంతగా ఉండి, పొద్దుగూకగానే చల్లారితే: అది రేకుల ఇల్లో, గూన పెంకుల ఇల్లో అయి ఉంటుంది. అక్కడ రాత్రి కంటే పగటి జాగ్రత్తే ఎక్కువ కావాలి.

పాత గూన ఇంట్లో పెరిగినవాళ్లు స్లాబు ఇంటికి మారాక వేసవి రాత్రి ఇంత వేడేమిటని ఆశ్చర్యపోతారు. పలచని పెంకు తొందరగా కాగి తొందరగా చల్లారుతుంది. స్లాబు మాత్రం మధ్యాహ్నం పీల్చుకున్న వేడిని అర్ధరాత్రి దాటేదాకా కిందికి విడుస్తూనే ఉంటుంది. పై అంతస్తులో కిరాయికుండేవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

2. పైకప్పును తెల్లగా చేయండి

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలమనుకునేవాళ్లు ఈ పని చేయాలి. నల్లబడిన స్లాబు ఎండను తాగుతుంది. తెల్లని స్లాబు తిప్పికొడుతుంది. గది వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

తక్కువ ఖర్చుతో అయ్యేది సున్నం పూత. దాని వరుస ఇది:

- స్లాబును ఊడ్చి, నాచు గీకి, కడిగి ఒక రోజంతా ఆరనివ్వండి. దుమ్ము మీద వేసిన పూత పొరలు పొరలుగా లేచిపోతుంది.
- పగుళ్లు ముందే పూడ్చండి. తెల్లబడ్డాక పగులు కనబడదు, వానకాలంలో కారినప్పుడే తెలుస్తుంది.
- రాతి సున్నమైతే ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి, అందులో సున్నపు రాళ్లు కొద్దికొద్దిగా వేయండి. సున్నం మీద నీళ్లు గుమ్మరించరాదు. ఒక్కసారిగా ఉడికి మీదికి చిందుతుంది. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడుతుంది. పిల్లలను దగ్గరికి రానీయకండి. కంట్లో పడిన సున్నం చూపు తీస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.
- ఒక రాత్రి నాననిచ్చి, పాత నూలుబట్టతో వడగట్టి, బంక కలపండి. బంక లేని పూత కాలికి అంటుకుంటూ వారం రోజుల్లో తేలిపోతుంది.
- సాయంత్రం ఐదున్నర తర్వాత స్లాబుపై కాస్త నీళ్లు చిలకరించి, పలచగా మొదటి పూత వేయండి. మరునాడు రెండోది, అవసరమైతే ఆ మరునాడు మూడోది. మూడు పలచని పూతలు నిలిచినంతగా ఒక చిక్కటి పూత నిలవదు.

మధ్యాహ్నం కాగిన స్లాబు మీద పూత వేయడం అందరూ చేసే తప్పు. నీరు క్షణంలో ఆవిరై, సున్నం గట్టిపడకుండా పొడిగా మిగులుతుంది. కూలీ తొందరపెట్టినా వినకండి.

సున్నం ఒక వేసవికే, వానలకు పలచబడుతుంది. కొన్నేళ్లు నిలవాలంటే పైకప్పుల కోసమే చేసిన కూల్ రూఫ్ పెయింటు కొనాలి. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె ఉందా, ఎంతుందో చూడండి. అది ఎంత ఎక్కువగా ఉంటే ఎండను తిప్పికొట్టడంలో ఆ పెయింటు అంత మేలు. గోడలకు వేసే మామూలు తెల్ల డిస్టెంపరు స్లాబుకు పనికిరాదు.

సిమెంటు రేకుల ఇళ్లకు రెండు హెచ్చరికలు. మొదటిది, రేకు మీద నేరుగా కాలు మోపరాదు. పాతబడిన రేకు హఠాత్తుగా విరుగుతుంది. కింద దూలం ఉన్న చోట, దాని మీదుగా వెడల్పాటి పలక వేసుకొని దాని మీదే నడవాలి. రెండోది, పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి పొడిగా గీకరాదు. తడిపి మెత్తని చీపురుతో ఊడ్వాలి. రేకుకు జానెడు పైన, గాలి ఆడేటట్టు, గ్రీన్ నెట్ కట్టినా మంచి ఫలితం ఉంటుంది. రేకుకు ఆనించి కడితే పెద్దగా ఉపయోగం లేదు. కింద థర్మోకోల్ పలకలు బిగించేవాళ్లు ఉన్నారు. ఆ పలక మంటకు నిమిషాల్లో అంటుకుంటుంది, వంటగది ఉన్న ఇంట్లో ఆ ఆలోచనే వద్దు.

స్లాబు మీద మధ్యాహ్నం నీళ్లు చల్లితే కాసేపు హాయిగానే ఉంటుంది. కాని నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో, పొద్దు వాలాక ఆరింటికి ఒకసారి చల్లడమే మేలు. రాత్రికి విడుదల కావలసిన వేడి అప్పుడు తగ్గుతుంది. నీళ్లు నిలవనీయకండి.

కిరాయికుండేవాళ్లు ఇంటి ఓనరును అడగడానికి మొహమాటపడతారు. సున్నం ఖర్చు మేము పెట్టుకుంటాం, పనివాళ్ల కూలి మీరివ్వండి అని శివరాత్రి తర్వాత అడిగి చూడండి. మే నెలలో అడిగితే జవాబు వచ్చేసరికి వానలు వస్తాయి.

3. కిటికీలు, పడమటి గోడ

ఎండను గది బయటే ఆపాలి. లోపల ఎంత మందపు కర్టెన్ కట్టినా, అద్దం దాటి వచ్చిన వేడి గదిలోకి వచ్చినట్టే. కిటికీ బయట వెదురు తడకో, గోనెపట్టానో, వట్టివేళ్ల చాపనో వేలాడదీయండి. వట్టివేళ్ల చాపను, గోనెపట్టాను తడిపితే వచ్చే గాలి కూడా చల్లబడుతుంది.

ఉదయం ఎనిమిదిన్నరకల్లా కిటికీలు మూసి, బయటి గాలి లోపలి గాలి కంటే చల్లబడ్డాకే తెరవాలి. ఇది సాధారణంగా రాత్రి ఎనిమిది తర్వాతే. గాలి రావాలని మధ్యాహ్నం రెండింటికి కిటికీలు బార్లా తెరిచేవాళ్లు వడగాడ్పును ఇంట్లోకి పిలుచుకున్నట్టే. రాత్రి మాత్రం ఎదురెదురుగా రెండు వైపులా తెరవాలి. ఒక వైపే తెరిస్తే గాలి లోపలికి రాదు. దోమతెర బిగించుకుంటే తెల్లవార్లూ తెరిచి ఉంచవచ్చు.

ఇల్లు కట్టుకోబోయేవాళ్లకు ఒక మాట: మన వైపు నల్ల గ్రానైటు చౌకగా, అందంగా దొరుకుతుంది, నిజమే, కాని ఎలివేషన్ పేరుతో దాన్ని పడమటి ముఖానికి అతికించడం ఇంటికి పెనం తగిలించడమే. ఆ డబ్బుతో వెడల్పాటి సజ్జ వేయించుకోండి.

4. కూలర్, ఫ్యాన్, ఏసీ సరిగ్గా వాడడం

కూలర్ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. హనుమకొండలో పై అంతస్తులో కిరాయికున్నప్పుడు, చల్లగాలి బయటికి పోతుందేమోనని తలుపులు, కిటికీలు బిగించి కూలర్ వేసుకొని పడుకున్నాం. మొదటి గంట స్వర్గంలా ఉంది. తెల్లవారుజామున లేచేసరికి దుప్పటి చెమ్మగా ఉంది, ఒళ్లంతా జిగట, తల దిమ్ము. టీ పెట్టడానికి అగ్గిపుల్ల గీస్తే నాలుగు పుల్లలు మెత్తబడి విరిగాయి గాని ఒక్కటీ అంటుకోలేదు. గదిలో అంత తేమ పేరుకుంది.

కూలర్ పని చేసేది పొడిగాలిని తడిపి చల్లబరచడం ద్వారా. తేమ నిండిన గదిలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి:

- కూలర్‌ను కిటికీ బయట, నీడలో పెట్టండి. గదిలో పెడితే అదే తడిగాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది.
- దానికి ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో ఒక జానెడు తెరిచి ఉంచండి. వచ్చిన గాలికి పోయే దారి ఉండాలి.
- సీజను మొదట్లో గడ్డి మార్చండి. బోరు నీళ్లలోని ఉప్పు పేరుకున్న గడ్డి మీద నీళ్లు ఒకే గాడిలో కారిపోతాయి, మిగతా భాగం పొడిగా ఉండి వేడిగాలి వస్తుంది. హనీకోంబ్ ప్యాడ్లయితే తీసి కడగండి.
- వారానికొకసారి ట్యాంకు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టండి. డెంగీ దోమకు కూలర్ ట్యాంకు కంటే మంచి చోటు దొరకదు.
- నీళ్లు పోసేముందు ప్లగ్గు తీయండి. స్విచ్ ఆపడం చాలదు. మూడు పిన్నుల ప్లగ్గు, పని చేసే ఎర్తింగు, మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే ఆర్‌సీసీబీ ఉన్నాయో లేవో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఏటా వేసవిలో కూలర్ షాకుతో ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. తడి చేతులు, తడి గచ్చు, ఇనుప బాడీ మూడూ అక్కడే ఉంటాయి.

మే చివర మబ్బులు పట్టి ఉక్కపోత మొదలైతే కూలర్ లాభం తగ్గిపోతుంది. ఆ రోజుల్లో పంపు ఆపి గాలి మాత్రమే వాడండి.

గది వేడి నలభై దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని చల్లార్చదు సరికదా, వేడిని ఒంటికి కొడుతుంది. అప్పుడు తడిపి పిండిన నూలు తువ్వాల భుజాల మీద వేసుకొని ఫ్యాన్ కింద కూర్చోవాలి. ఏసీ ఉన్నవాళ్లు 26 దగ్గర పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చాలు. 18కి దించి దుప్పటి కప్పుకోవడం కరెంటు బిల్లుకు తప్ప దేనికీ పనికిరాదు. కరెంటు పోతే ఫిర్యాదు నంబరు 1912.

5. హెచ్చరికను చదవడం నేర్చుకోండి

వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండి, సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు. అంతకు మించితే తీవ్ర వడగాడ్పు. సాధారణంతో పోల్చకుండా చూస్తే 45 చేరితే వడగాడ్పు, 47 చేరితే తీవ్రం. రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం.

జనం పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది: వెచ్చని రాత్రి. పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం సాధారణం కంటే 4.5 డిగ్రీలకు పైగా పెరిగితే ఆ హెచ్చరిక ఇస్తారు. ఫోన్‌లో 44, 45 చూసి బెదిరిపోయేవాళ్లు దాని కిందనే ఉన్న రాత్రి అంకెను చూడరు. నేను ముందు ఆ అంకెనే చూస్తాను. వరుసగా రెండు రాత్రులు అది తగ్గకపోతే, మూడో రోజు పగటి పనులు సగానికి తగ్గించండి.

హనుమకొండలో, రామగుండంలో వాతావరణ శాఖ కేంద్రాలున్నాయి. అక్కడి అంకె నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినది. తారు రోడ్డు మీద, రేకుల షెడ్డు కింద, రామగుండం వైపు ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఒంటికి తగిలేది దానికంటే ఎక్కువే. హెచ్చరికలు ఫోన్‌కు రావాలంటే సచేత్ యాప్ పెట్టుకోండి.

6. రోజును రెండు ముక్కలు చేయండి

పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని పెట్టుకోవద్దని అందరూ చెప్తారు. చెప్పినంత తేలిక కాదని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి, కాజీపేట స్టేషన్ ముందు ఆటో పెట్టుకున్నవారికి తెలుసు. వేళ మార్చుకోగలిగినవాళ్లు ఉదయం ఆరు నుంచి పదిన్నర, సాయంత్రం నాలుగున్నర తర్వాత అని రెండు ముక్కలు చేసుకోవాలి. మార్చుకోలేనివాళ్లు ఇవి చేయాలి:

- ఎండకు కొత్తయినవాళ్లు, పది పదిహేను రోజులు పని మానేసి తిరిగి వచ్చినవాళ్లు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే చేసి, రోజుకు కొంచెం చొప్పున పెంచుకోవాలి. ఒంటికి ఎండ అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. పెళ్లికో, పండుగకో ఊరికి పోయి వచ్చిన మర్నాడే పూర్తి బరువు ఎత్తడం ప్రమాదం.
- గంటకోసారి కనీసం పది నిమిషాలు నీడలో కూర్చోవాలి. మేస్త్రీ ఒప్పుకోకపోతే నీళ్ల పేరు చెప్పి కూర్చోండి.
- ఒంటరిగా పని చేయవద్దు. ఇద్దరిద్దరు జతగా ఉండి, పక్కవాడి మాట తడబడుతోందా, అడుగు తూలుతోందా అని కనిపెట్టాలి. వడదెబ్బ తగిలినవాడికి తన సంగతి తనకు తెలియదు.
- తల మీద తడి తువ్వాల, ఒంటిమీద వదులైన పొడుగు చేతుల నూలు చొక్కా. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ కింద పలచని నూలు దస్తీ వేసుకోవాలి.

నీడపట్టున ఉన్నారు కదా, వాళ్లకేమవుతుంది అని ఎవరి గురించి అనుకుంటామో వాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. కొత్తవాడలో రేకుల కింద మగ్గం నేసేవారు, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) కార్మికులు, ఇస్త్రీ బండివారు, హోటల్ వంటవారు ఎండ మొహం చూడకుండానే ఎండకు చిక్కుతారు. అందరికంటే ముందు చెప్పవలసింది, రేకుల వంటింట్లో పన్నెండు గంటలకు పొయ్యి ముందు నిలబడే ఇల్లాలి గురించి. రెండు పూటల వంట ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. మధ్యాహ్నానికి వేడన్నమే కావాలనే మగవారు ఈ రెండు నెలలు ఆ మాట మరచిపోవాలి.

ఆపి ఉంచిన కారులో పిల్లలను, పెద్దవారిని ఐదు నిమిషాలకు కూడా వదలవద్దు.

7. తాగడం, తినడం

దాహం వేసేదాకా ఆగవద్దు. ఎండలో పని చేసేవాళ్లు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి; గంటకు లీటరున్నర మించవద్దు, మరీ ఎక్కువ మంచినీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టు. ముదురు రంగుకు మారితే చాలలేదని అర్థం.

చెమట ఎక్కువ పట్టేవారికి ఉప్పు కూడా వెనక్కి రావాలి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, అంటే మన సల్ల, తైదల (రాగుల) అంబలి, జొన్న గట్కలో కలుపుకున్న సల్ల, ఉప్పు వేసిన నిమ్మరసం ఈ పనికి చాలు. ముంజలు, పుచ్చకాయ మంచివే, కాని అవి నీళ్లకు తోడు మాత్రమే.

ఇంట్లో ఓఆర్‌ఎస్ చేసుకోవడం: కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లు, సమంగా గీసిన ఆరు చెంచాల చక్కెర, సమంగా గీసిన అర చెంచా ఉప్పు. చెంచా టీ చెంచా, గుట్టగా తీయరాదు. రుచి కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఇరవై నాలుగు గంటల తర్వాత మిగిలింది వాడవద్దు. ప్యాకెట్ కొంటే ఎంత నీటికో చదవండి: పెద్దది లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు ఉంటుంది. చిన్న గ్లాసుడు నీళ్లలో పెద్ద ప్యాకెట్ మొత్తం కలిపి తాగించడం మేలు చేయదు, కీడు చేస్తుంది.

డబ్బాల్లో వచ్చే తియ్యని పానీయాలను ఓఆర్‌ఎస్ అనుకొని పిల్లలకు తాగించేవారు చాలామంది ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా ప్యాకెట్ వెనక చక్కెర ఎంతో చదివే అలవాటు చేసుకోండి.

కల్లు చలువ అనే మాట నమ్మవద్దు. పులిసిన కల్లులో మత్తు ఉంటుంది. అది ఒంట్లో నీటిని బయటికి తోస్తుంది, పైగా తూలు వడదెబ్బదో కల్లుదో ఎవరికీ తెలియదు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే నష్టమేమీ లేదు, లాభమూ లేదు.

గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు అనేది తమ డాక్టరునే అడగాలి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, మానసిక వ్యాధులకు మాత్రలు వాడేవారు ఎండాకాలం రాకముందే ఒకసారి చూపించుకోవాలి; సొంతంగా మాత్రలు ఆపకూడదు.

8. రాత్రిని చల్లబరచండి

- పడుకునే గది మార్చండి. కింది అంతస్తు, తూర్పు గది, వరండా, ఏది చల్లగా ఉంటే అది. మంచాలు జరపడానికి బద్ధకించి నెలంతా నిద్ర పాడుచేసుకోవద్దు.
- పరుపు తీసేసి నులక మంచమో, నవారు మంచమో, గచ్చు మీద చాపో వాడండి. స్పాంజి పరుపు ఒంటి వేడిని ఒంటికే అప్పజెప్తుంది.
- డాబా మీద పడుకునేవారు పిట్టగోడ లేని వైపు పక్క వేయవద్దు. పిల్లలను మధ్యలో పడుకోబెట్టండి. ఈదురుగాలి, ఉరుము మొదలైతే వెంటనే దిగండి.
- పడుకునేముందు మామూలు నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా తుడవకుండా గాలికి ఆరనివ్వండి. నిద్ర పట్టకపోతే పాదాలు, మోచేతులు తడపండి.
- ఇంట్లో ఏ గదీ చల్లగా లేకపోతే రోజులో రెండు మూడు గంటలైనా చల్లని చోట గడపండి: బంధువుల ఇల్లు, గ్రంథాలయం, గుడి మండపం. ఒంటికి ఆ విరామం పెద్ద ఊరట.

9. ఎవరిని ప్రత్యేకంగా కనిపెట్టాలి

ముసలివారికి దాహం తెలియదు. అడిగితే వద్దంటారు. అడగకుండా గంటకో చిన్న గ్లాసు చేతికివ్వండి. ఒంటరిగా ఉండే పెద్దమ్మో, తాతో మీ వీధిలో ఉంటే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి మాట్లాడండి. ఫోన్‌లో బాగున్నానన్న మాట చాలదు, మనిషిని చూడాలి.

ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలే, మరింత తరచుగా, నీళ్లు పట్టవద్దు. తల్లి మాత్రం ఎక్కువగా తాగాలి.

ఇన్సులిన్ వాడేవారి ఇంట్లో ఫ్రిజ్ లేకపోయినా, కరెంటు పోయినా ఒక ఉపాయం ఉంది: మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి, ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో మూసి లోపలి కుండలో ఉంచి, తడిబట్ట కప్పండి. గాలి తగిలే నీడలో ఉంచి ఇసుకను తడుపుతూ ఉండండి.

10. వడదెబ్బ తగిలితే: మొదట చల్లార్చడం, తర్వాత తరలించడం

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చినట్టుండడం, చెమటలు ధారలు కట్టడం అలసట గుర్తులు. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగించండి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మాట తడబడినా, సంబంధం లేని మాటలు మాట్లాడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకొని కదలండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. కష్టం చేస్తూ పడిపోయినవారికి ఒళ్లంతా చెమట ఉండవచ్చు.

- ఒకరు 108కి ఫోన్ చేయాలి. మిగతావారు అదే క్షణంలో చల్లార్చడం మొదలుపెట్టాలి.
- నీడకు చేర్చి, పై బట్టలు తీసేయండి. సిగ్గు, మర్యాద తర్వాత.
- బకెట్లతో, పైపుతో తల నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తూ అట్టతోనో, ఫ్యాన్‌తోనో ఆపకుండా విసరండి. నీళ్ల తొట్టి ఉంటే మెడ దాకా ముంచి, తల పట్టుకొని ఉండండి.
- ఐసు దొరికితే బట్టలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. కూల్‌డ్రింకుల షాపు, చేపల మార్కెట్, కల్యాణ మండపం ఐసు దొరికే చోట్లు.
- స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చుక్క నీరు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- పారాసిటమాల్, ఆస్పిరిన్ ఇవ్వవద్దు. ఇది జ్వరం కాదు. ఆ మాత్రలు పని చేయకపోగా కాలేయానికి, రక్తానికి ముప్పు తెస్తాయి.
- ఆటోలో ఎక్కించినా నీళ్లు పోయడం, విసరడం ఆపవద్దు. దారిలో చల్లార్చకుండా తీసుకుపోయిన అరగంటే అసలు నష్టం చేస్తుంది.

అరికాళ్లకు ఉల్లిగడ్డ రుద్దుతూ కూర్చునే పెద్దవారు ప్రతి గుంపులో ఒకరుంటారు. వారి చేతికి విసనకర్ర ఇవ్వండి. ఆ చేతులు ఖాళీగా ఉండకూడదు, వృథా కాకూడదు.

ప్రాణం పోతే, బాధలోనే అయినా ఒక పని చేయవలసి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. పోలీసులకు, తహసీల్దారు కార్యాలయానికి తెలపకుండా అంత్యక్రియలు ముగిస్తే, మరణం ఎండవల్లనే అని తర్వాత నిరూపించడం చాలా కష్టం.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినవారిని మర్నాడే పనికి పంపవద్దు. కొన్ని వారాల పాటు వారి ఒళ్లు వేడికి మునుపటికంటే తొందరగా లొంగుతుంది. డాక్టరు సరేనన్నాకే, అదీ ఐదో వంతు పనితో మళ్లీ మొదలుపెట్టాలి. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి మాత్రం పాత గదిలో, పాత స్లాబు కింద పడుకోబెట్టవద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లని చోట వారికి పక్క వేసి, పక్కన ఒకరు పడుకొని, అర్ధరాత్రి ఒకసారి లేపి నీళ్లివ్వండి.